నీలకంఠ రొయ్యల్లో వైట్ గట్: మందు కంటే ముందు మేత లెక్క చూడండి

మీరు రాసింది ఇదీ: పరకాల దగ్గర 20 గుంటల కుంట, నాలుగడుగుల నీరు, రెండంగుళాల బోరు, ఒక 1 హెచ్‌పీ ఏరియేటర్ (నీళ్ళలో గాలి కలిపే యంత్రం). జూలై మొదట్లో నర్సరీలో పెంచిన నీలకంఠ (మంచినీటి) రొయ్య పిల్ల 10,000 వేశారు. ఇప్పటికి 75 రోజులైంది, సగటు బరువు 20 గ్రాములు, రోజుకు 10 కిలోల మేత. వారం నుంచి, ఎంత తింటున్నాయో చూడటానికి పెట్టే ట్రేలో మేత మిగులుతోంది. రొయ్య వీపు మీద పేగు గీత తెల్లగా, తెగిన దారంలా కనపడుతోంది, వైట్ గట్ అనేది దీన్నే. నీటి మీద తెల్ల దారాలు తేలుతున్నాయి, పొద్దున రెండు మూడు చచ్చి ఒడ్డుకొస్తున్నాయి. మందుల దుకాణంలో యాంటీబయాటిక్ మేతలో కలపమన్నారు. లాబ్‌స్టర్లకు వచ్చే ఎర్రతోక జబ్బు గురించి ఎక్కడో చదివి, ఇది అదేనా అని కూడా అడిగారు.

ముందు చేయాల్సింది చెప్తాను. యాంటీబయాటిక్ కొనకండి. ఈ సాయంత్రం మేత వేయకండి, రేపు కూడా వద్దు. రాత్రి 10 నుంచి పొద్దున 6 దాకా ఏరియేటర్ ఆడనివ్వండి. చచ్చిన రొయ్యల్ని తెల్లవారగానే ఏరి, కుంటకు దూరంగా గొయ్యి తీసి సున్నం చల్లి పూడ్చండి. గట్టు మీద పారేస్తే కాకులు మళ్ళీ నీళ్ళలోనే వేస్తాయి. నీళ్ళలో వదిలేస్తే తోటి రొయ్యలు తింటాయి. పేగు జబ్బు ఒకదాని నుంచి ఇంకోదానికి పాకడానికి అంతకంటే దగ్గరి దారి లేదు.

ఇక మీ 10 కిలోల లెక్క. 10,000 రొయ్యలు, 20 గ్రాముల చొప్పున 200 కిలోలు, అందులో 5 శాతం మేత. లెక్క తప్పు కాదు, తల లెక్కే తప్పు. వేసిన పిల్ల అంతా 75 రోజులకు బతికుండదు. నీలకంఠ రొయ్య గుల్ల విడిచిన రాత్రి మెత్తగా ఉంటుంది, పక్కదానికి దొరికితే అయిపోయినట్టే. 65 శాతం మిగిలాయనుకుంటే 6,500. అంటే 130 కిలోలు, మేత 6.5 కిలోలు చాలు. మీరు రోజూ మూడున్నర కిలోలు లేని రొయ్యలకు వేస్తున్నారు. రెండు వారాలకు దాదాపు అర క్వింటాల్ మేత అడుగున కుళ్ళింది. జబ్బు అక్కడ మొదలైందని నా అభిప్రాయం. విసురు వలతో తల లెక్క తేలుతుందనుకోకండి. ఈ రొయ్య అడుగున నక్కి ఉంటుంది, వల దాని మీదుగా జారిపోతుంది. ట్రేయే నమ్మకమైన లెక్క.

పేగులో ఏం జరుగుతుందో తెలిస్తే మిగతాదంతా సులువుగా అర్థమవుతుంది. రొయ్య తలలోనే కడుపు ఉంటుంది, దాని పక్కనే లివర్ అని మనం పిలిచే హెపాటోప్యాంక్రియాస్. అక్కణ్ణుంచి వీపు పొడవునా తోక దాకా తిన్నగా పోయేది పేగు. కడుపు లోపల, పేగు చివరి భాగంలో గుల్లలాంటి పల్చని పూత ఉంటుంది, గుల్ల విడిచినప్పుడల్లా అదీ ఊడిపోయి కొత్తది వస్తుంది. నడిమి పేగుకు మాత్రం ఆ పూత లేదు. ఒకే వరుస కణాల గోడ, మేతకూ గోడకూ మధ్య పేగే అల్లుకునే ఒక సన్నటి పొర, అంతే. ఆరోగ్యంగా ఉన్న రొయ్య రెట్ట గోధుమ రంగు దారంలా వచ్చేది ఆ పొర చుట్టుకుని రావడం వల్లే. పేగు గోడ దెబ్బతింటే అదే పొరలో మేతకు బదులు ఊడిన కణాలు, బ్యాక్టీరియా నిండి బయటికొస్తాయి. మీ కుంటలో తేలే తెల్ల దారాలు అవే కావచ్చు.

ఏరోమోనాస్, విబ్రియో, సూడోమోనాస్ లాంటి బ్యాక్టీరియా బాగున్న రొయ్య పేగులోనూ ఉంటాయి, నీళ్ళలో, బురదలో కూడా ఉంటాయి. వాటిని కుంట నుంచి పూర్తిగా తుడిచేయడం ఎవరివల్లా కాదు. రకరకాల బ్యాక్టీరియా ఉన్నంత కాలం ఏ ఒక్కటీ పేగునంతా ఆక్రమించలేదు. కుళ్ళిన మేత, రాత్రిపూట ఆక్సిజన్ లేమి, బూజు పట్టిన దాణా, ఈ మూడింట్లో ఏది వచ్చినా ఆ సమతూకం పోతుంది. త్వరగా పెరిగే ఏరోమోనాస్, విబ్రియో లాంటివి ఖాళీ చోటంతా ఆక్రమిస్తాయి. కాబట్టి మీ రొయ్యకు ఏ బ్యాక్టీరియా సోకింది అన్నది రెండో ప్రశ్న. దాని పేగు గోడను ఏది బలహీనం చేసింది అన్నది మొదటిది.

ఇది నిజంగా పేగు జబ్బేనా అన్నది కూడా తేల్చుకోవాలి. ఖాళీ పేగు కనపడ్డ ప్రతి రొయ్యా జబ్బుది కాదు. ఈ రొయ్య ఎక్కువగా తినేది పొద్దుగూకినాక. మధ్యాహ్నం పట్టి చూస్తే సగం వాటికి పేగు ఖాళీగానే ఉంటుంది. మేత మళ్ళీ మొదలెట్టాక, సాయంత్రం మేత వేసిన రెండు గంటలకు, కుంటలో నాలుగు చోట్ల నుంచి ఐదేసి చొప్పున 20 రొయ్యలు పట్టండి. 20 గ్రాములు దాటిన రొయ్య గుల్ల ముదురుగా ఉంటుంది, పై నుంచి చూస్తే తెలియదు. పొట్ట కింద టార్చి పెట్టి వీపు వైపు నుంచి చూడండి. గుల్ల మెత్తగా ఉన్నవాటిని, గుల్ల విడవబోతున్నవాటిని లెక్కలోంచి తీసేయండి, అవి ఎలాగూ తినవు. పొడవాటి నీలి కాళ్ళున్న పెద్ద పోతులు (మగవి) మేత దగ్గర చిన్నవాటిని తరిమేస్తాయి. ఖాళీ పేగులన్నీ చిన్న పోతుల్లోనే ఉండి, ఆడవాటికీ పెద్దవాటికీ నిండుగా ఉంటే మీకున్నది జబ్బు కాదు, మేత అన్ని చోట్లా పడకపోవడం. 20లో మూడు నాలుగు ఖాళీగా ఉంటే కంగారు పడను. ఎనిమిది దాటితే, అదీ ఆడా మగా పెద్దా చిన్నా తేడా లేకుండా ఉంటే, అప్పుడు పేగు జబ్బే అనుకుని నడవాలి.

అందులో రెండింటిని చంపి తోక మధ్య రెక్కను మెలిపెట్టి మెల్లగా లాగితే పేగు బయటికొస్తుంది. తెల్ల పళ్ళెంలో పెట్టి చూడండి. మేత రంగులో గోధుమగా, లేదా అడుగు బురద మేసి నల్లగా, తెగకుండా ఉంటే మంచిది. ఎర్రగా ఉంటే చచ్చిన రొయ్యను తిని ఉండొచ్చు. తెల్లగా, పల్చగా, మధ్యలో గాలి బుడగలతో ఉంటే చెడ్డది. తల చిప్ప తీసి లివర్ కూడా చూడండి. పాలిపోయి కుంచించుకుపోయి ఉంటే జబ్బు పేగు దాటి ముదిరినట్టు. ఈ పని చేసేటప్పుడు చేతికి గ్లవ్స్ వేసుకోండి. ముక్కు ముల్లు గుచ్చుకున్న గాయంలోకి ఈ ఏరోమోనాస్, విబ్రియోలే మనిషికీ ఎక్కుతాయి.

దీనిలాగే కనపడే వేరే సంగతులు మూడు. మొదటిది మన ప్రాంతానికి చాలా ముఖ్యం. చుట్టూ పత్తి, మిర్చి చేలు. సెప్టెంబరులో పిచికారీ చేసిన మర్నాడు వాన పడితే ఆ నీళ్ళు కుంటలోకొస్తాయి. రొయ్య కూడా పురుగు జాతికి దగ్గరిదే. సైపర్‌మెత్రిన్, డెల్టామెత్రిన్ లాంటివి చేపను చంపని మోతాదులోనూ రొయ్యను చంపుతాయి. గోమార్లకు కొట్టే మందు కూడా చాలాసార్లు ఇదే జాతి. మందు కొట్టిన బర్రెను కుంటలో కడగనివ్వకండి. విషం తగిలిన రొయ్య మేత మానుతుంది, పేగు ఖాళీ అవుతుంది. కానీ వంకర టింకరగా ఈదుతుంది, వెల్లకిలా పడి కాళ్ళు కొట్టుకుంటుంది, ఒక్క రాత్రిలో చాలా పోతాయి. మీకు రోజుకు రెండు మూడే పోతున్నాయి కాబట్టి ఇది కాదనుకుంటున్నాను. అయినా పై చేల నీళ్ళు రాకుండా కట్టకు పై వైపున కాలువ తీయించండి.

రెండోది తెల్ల తోక జబ్బు. అది వైరస్ వల్ల చిన్న పిల్లకు వచ్చేది. తోకలో కండ తెల్లబడుతుంది, పేగు కాదు. 20 గ్రాముల రొయ్యలో కండ తెల్లబడితే ఆక్సిజన్ తగ్గడం, ఎండ, వల ఒత్తిడి ఎక్కువసార్లు కారణం. మూడోది ఉప్పునీటి రొయ్య వనామిలో వైట్ గట్‌కు ముడిపెట్టే ఈహెచ్‌పీ అనే సూక్ష్మజీవి. భీమవరం, నెల్లూరు వైపు వనామి చెరువులకు రాసే ఈహెచ్‌పీ మందుల జాబితాను అలాగే తెచ్చి మంచినీటి రొయ్యకు వాడొద్దు. పరీక్షలో ఈహెచ్‌పీ ఉందని తేలనిదే ఆ పేరు మీద డబ్బు పెట్టకండి.

లాబ్‌స్టర్ సంగతి: ఎర్రతోక జబ్బు, అంటే గాఫ్కీమియా, ఏరోకాకస్ విరిడాన్స్ అనే బ్యాక్టీరియా రక్తంలో పెరిగితే వచ్చేది. అది పేగు గుండా రాదు, గుల్ల మీద గాయం గుండా లోపలికి పోతుంది. అందుకే లాబ్‌స్టర్లను ట్యాంకుల్లో ఉంచేవాళ్ళు వాటి కాళ్ళకు రబ్బరు బ్యాండ్ వేస్తారు, ఒకదాన్ని ఒకటి గాయపరచకుండా. మీది అది కాదు. కానీ అందులో మీకు పనికొచ్చే విషయం ఒకటుంది. నీలి కాళ్ళ పోతులు కొట్టుకున్న చోట గుల్ల మీద నల్ల మచ్చలు కనపడితే అది గుల్లను తినే బ్యాక్టీరియా పని. దానికి పేగు వైద్యం చేస్తే ఫలితం ఉండదు, రద్దీ తగ్గించాలి.

అడుగు, నీరు. గట్టు నుంచి ఆరడుగుల దూరాన, ఏరియేటర్ ఎదుటి మూలన, ట్రేల కింద, ఈ మూడు చోట్ల గుప్పెడు బురద తీసి చూడండి. పైన గోధుమ రంగు పొర, కింద నల్లగా ఉంటే పర్వాలేదు. పైనుంచే నల్లగా ఉండి కుళ్ళిన గుడ్ల వాసన వస్తే రొయ్య నిలబడే చోటే విషం ఉన్నట్టు. ఆక్సిజన్ తెల్లవారుజామున 5కు, అడుగు నుంచి ఒక జానెడు పైన కొలవండి, లీటరుకు 4 మిల్లీగ్రాముల కంటే తగ్గకూడదు. పీహెచ్ మధ్యాహ్నం 3కు చూడండి. అమ్మోనియా ఒక్కటే చూసి లాభం లేదు, పీహెచ్‌తో కలిపి చదవాలి. 30 డిగ్రీల నీళ్ళలో పీహెచ్ 8 ఉంటే మొత్తం అమ్మోనియాలో 7 శాతం చిల్లరే విషరూపంలో ఉంటుంది, 9 అయితే 40 శాతం దాటుతుంది. మేత ఎక్కువైన కుంటలో నీళ్ళు చిక్కటి ఆకుపచ్చై మధ్యాహ్నానికి పీహెచ్ 9కి పోవడం మామూలే. తెల్ల పళ్ళెం దింపితే 30, 40 సెంటీమీటర్ల దాకా కనపడాలి.

సున్నం వేయమని ఎవరో ఒకరు చెప్తారు. మీవి బోరు నీళ్ళు, కఠినత్వం ముందే ఎక్కువ ఉండి ఉంటుంది. ఈ రొయ్యకు లీటరుకు 150 మిల్లీగ్రాముల లోపు మంచిది. పీహెచ్ 8.3 దాటిన నీళ్ళలో సున్నం వేస్తే అమ్మోనియాను మీ చేతులతో విషం చేసినట్టే. వద్దు.

నీరు మార్చడం ఇలా. 20 గుంటలంటే 2,023 చదరపు మీటర్లు, నాలుగడుగుల లోతుకు 24 లక్షల లీటర్ల పైచిలుకు. మీ బోరు గంటకు 10,000 లీటర్లు పోస్తుందనుకుంటే, రోజుకు 5 శాతం అంటే 1.2 లక్షల లీటర్లకు 12 గంటలు. మూడు రోజులు చేయండి. తీసేది పై నీరు కాకూడదు, లోతైన మూల నుంచి, పైపు మూతికి వల కట్టి, అడుగు నీరే తోడాలి. దాన్ని మీ వరి మడిలోకి వదలండి, ఊరి చెరువులోకి వద్దు. బోరు నీళ్ళలో ఆక్సిజన్ దాదాపు ఉండదు, బండ మీద పడి చిట్లేలా పైపు పెట్టండి.

అమ్మోనియా లీటరుకు 1 మిల్లీగ్రాము దగ్గరుంటే బెల్లం పనిచేస్తుంది, దాన్ని తిని పెరిగే బ్యాక్టీరియా అమ్మోనియాను లాక్కుంటుంది. గ్రాము అమ్మోనియా నత్రజనికి 15 నుంచి 20 గ్రాముల బెల్లం లెక్కన మీ కుంటకు సుమారు 40 కిలోలు అవుతుంది. అంతా ఒకేసారి వేస్తే బ్యాక్టీరియా ఆక్సిజన్ లాగేసి ఆ రాత్రే రొయ్య తేలుతుంది. రోజుకు 8 కిలోల చొప్పున ఐదు రోజులు, పొద్దున 9, 10 మధ్య, ఏరియేటర్ ఆడుతుండగా చల్లండి. బీకేసీ, అయోడిన్ లాంటి క్రిమిసంహారకాలు ఈ వారం పెట్టుకోకండి, మీరు పెంచాలనుకునే బ్యాక్టీరియాను కూడా అవి చంపుతాయి.

మూడో రోజు మేత మొదలుపెట్టండి, సాయంత్రం మాత్రమే, 2.5 కిలోలు. నాలుగు ట్రేలు పెట్టి, అన్నిట్లో కలిపి వేసే మేతలో 2 శాతం ఉంచి, రెండు గంటలకు తీసి చూడండి. అన్నీ ఖాళీ అయితే మర్నాడు అర కిలో పెంచండి. ఏ ఒక్క ట్రేలోనైనా పదో వంతుకు మించి మిగిలితే పెంచొద్దు, రెండింట్లో మిగిలితే అర కిలో తగ్గించండి. 5 కిలోలు దాటాక మూడో వంతు పొద్దున, మిగతాది సాయంత్రం. మబ్బు పట్టిన రోజు సగమే.

ఈ మేతకే ప్రోబయోటిక్, అంటే మేలు చేసే బ్యాక్టీరియా పొడి, పట్టించాలి. బేసిల్లస్ సబ్టిలిస్, బేసిల్లస్ లైకెనిఫార్మిస్ ఉన్నది చూసి కొనండి. డబ్బా మీద గ్రాముకు ఎన్ని సీఎఫ్‌యూ (బతికున్న బ్యాక్టీరియా లెక్క) అన్నది, తయారీ తేదీ రాసి లేకపోతే అది పిండి అనుకోండి. కిలో మేతకు 100 కోట్ల సీఎఫ్‌యూ అందాలి. గ్రాముకు 100 కోట్లున్న పొడి అయితే కిలోకు ఒక గ్రాము సరిపోతుంది, రెండు వేసినా నష్టం లేదు. కిలో మేతకు 30, 40 మిల్లీలీటర్ల గోరువెచ్చని నీళ్ళలో పొడి కలిపి అరగంట ఉంచి, మేత మీద చల్లుతూ కలిపి, నీడలో అరగంట ఆరనిచ్చి, పైన 10 మిల్లీలీటర్ల చేప నూనె పట్టించాలి. నూనె లేకపోతే మందు నీళ్ళలో కరిగిపోయి రొయ్యకు అందదు. ఇక్కడ అందరూ చేసే తప్పు మిషన్ భగీరథ నల్లా నీళ్ళతో కలపడం. అందులో క్లోరిన్ ఉంటుంది, మీరు కొన్న బ్యాక్టీరియాకు దెబ్బ తగలొచ్చు. బోరు నీళ్ళు వాడండి. కలిపిన మేత ఆ పూటకే. వరుసగా 10 రోజులు, ఆ తర్వాత వారానికి రెండు రోజులు. బేసిల్లస్ రొయ్య పేగులో కాపురం పెట్టదు, మేతతో వస్తూ ఉంటేనే ఉంటుంది, ఆపిన కొద్ది రోజులకే పోతుంది. వెల్లుల్లి ముద్ద కిలోకు 10 గ్రాములు కలపొచ్చు, కానీ ప్రోబయోటిక్ ఇచ్చే పూట కాదు. అది కూడా బ్యాక్టీరియా మీద పనిచేసేదే.

ఇప్పుడు యాంటీబయాటిక్ ఎందుకు వద్దన్నానో. జబ్బు రొయ్య మేత తినదు, కాబట్టి మందు తినేది బాగున్న రొయ్య. దాని పేగులో ఉన్న మంచి బ్యాక్టీరియా కూడా పోయి, మందు ఆపగానే ఏరోమోనాస్ మళ్ళీ ముందుగా ఎక్కుతుంది. అంగట్లో ఎక్కువగా ఇచ్చే ఆక్సీటెట్రాసైక్లిన్ కఠినమైన నీళ్ళలో కాల్షియం, మెగ్నీషియంతో అతుక్కుని చాలావరకు పని మానేస్తుంది. మన బోరు నీళ్ళలో దానికి పెట్టే డబ్బు బురదలోకే. క్లోరాంఫెనికాల్, ఫ్యూరజోలిడోన్ లాంటి నైట్రోఫ్యూరాన్లు రొయ్యల పెంపకంలో నిషేధం. పేరు లేని సీసాలో ఏముందో అమ్మేవాళ్ళకే తెలియదు.

మీరు రాయలేదు కానీ, కంపెనీ మేత ఖర్చు తగ్గించుకోవడానికి చెక్క కలుపుతున్నారా? వరంగల్ వైపు చవగ్గా దొరికేది పత్తి గింజల చెక్క. అందులో గాసిపాల్ అనే విషం ఉంటుంది, రొయ్య లివర్‌కు మంచిది కాదు. పల్లీ చెక్క వానాకాలం బూజు పడితే అఫ్లాటాక్సిన్ అనే విషం చేరుతుంది, వాసన రాకపోయినా ఉండొచ్చు. కోళ్ళ ఫారం వ్యర్థాలు, చచ్చిన కోడి అసలు వేయకండి. మేత బస్తాలు నేల మీద కాకుండా చెక్క పలకల మీద, గోడకు జానెడు దూరంగా పెట్టండి. చేతికి గడ్డకట్టి తగిలిన బస్తాను మొహమాటపడకుండా పక్కన పెట్టేయండి.

ఇవన్నీ చేశాక వారానికి 20 రొయ్యల పరీక్ష మళ్ళీ చేయండి. పేగులు నిండుతుంటే సరే. నిండకపోయినా, చావులు రోజుకు 15, 20 దాటినా పరీక్షకు పంపాలి. చచ్చిన రొయ్య పనికిరాదు. ప్రాణం పోయాక త్వరలోనే పేగు బ్యాక్టీరియా కండలోకి పాకి, జబ్బు చేసింది ఏదో, చచ్చాక చేరింది ఏదో తేలకుండా చేస్తుంది. జబ్బువి ఐదారు, బాగున్నవి ఐదారు, విడివిడి ఆక్సిజన్ సంచుల్లో ప్రాణంతో తీసుకెళ్ళాలి. అర లీటరు నీళ్ళు, ఒక గుప్పెడు బురద వేరే సీసాల్లో. పీసీఆర్ (సూక్ష్మజీవి జన్యువును పట్టే పరీక్ష) కోసం అయితే లివర్, పేగు ముక్కలు 95 శాతం ఆల్కహాల్‌లో, ముక్కకు పది రెట్ల ద్రవంలో. ఖమ్మం జిల్లా పాలేరులో మత్స్య పరిశోధన కేంద్రం ఉంది. జిల్లా మత్స్యశాఖ కార్యాలయం ద్వారా ముందు ఫోన్ చేసి, ఏ పరీక్షలు అక్కడ చేస్తారో అడిగి బయల్దేరండి.

మీ కుంటలో ఒక్క చదరపు మీటరుకు ఐదు పిల్లలు వేశారు. ఒకే ఏరియేటర్, బోరు నీళ్ళతో మూడు చాలు, అంటే 6,000. ఈ పంటకు అది మార్చలేం కానీ రద్దీ తగ్గించొచ్చు. నవంబరు మొదట్లో నీలి కాళ్ళ పెద్ద పోతుల్ని పెద్ద కన్ను వలతో ఏరి అమ్మేయండి. అవి ఇక పెద్దగా పెరగవు, అవి పోతే చిన్న పోతులు ఎదుగుతాయి. దాగడానికి పాత వలలు నిలువుగా కట్టండి, తాటాకులు వేస్తే అవే కుళ్ళుతాయి. నవంబరు చివర నుంచి రాత్రి చలికి నీళ్ళు 22 డిగ్రీల కిందికి దిగగానే రొయ్య అరుగుదల మందగిస్తుంది. అప్పుడు ట్రే ఖాళీ అయినా మేత సగానికి తగ్గించి, డిసెంబరు రెండో వారంలోపు మొత్తం పట్టేయండి. కుంటలో నీళ్ళు తీసేశాక నల్ల బురద ఎత్తి చేనుకు తోలి, తడి ఆరకముందే 200 కిలోల సున్నం చల్లి, నెర్రెలిచ్చే దాకా ఎండనివ్వండి.